ముప్పై ఏడేళ్లకి లా: క్యాంపస్ సీటా, ‘రాకపోయినా పర్లేదు’ సీటా?

అనకాపల్లి బెల్లం అడిగిన ప్రశ్న:

నమస్కారం అండీ. మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. 2009లో బీకాం పాసయ్యాను, తెలుగు మీడియం, 58 శాతం. ఈ ఏడాది ఎవరికీ చెప్పకుండా మూడేళ్ల ఎల్ఎల్‌బీకి లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాశాను. 120 ప్రశ్నలు, గంటన్నర టైము. నాకు 71 వచ్చాయి. ర్యాంకు కార్డు చూపిస్తే మా ఆయన నమ్మక హాల్‌టికెట్ నంబర్ రెండుసార్లు సరిచూశారు.

ఎందుకు రాశానంటే, మా అమ్మ పుట్టిల్లు చోడవరం దగ్గర. తాతగారికి రెండున్నర ఎకరాల చెరకు పొలం ఉండేది. 2001లో ఆయన పోయారు. ఇద్దరు మావయ్యలు చేసుకు తింటున్నారు. మొన్న సంక్రాంతికి అమ్మ నోరు తెరిచి తన వాటా అడిగింది. పదిహేను రోజులకి లాయరు నోటీసు వచ్చింది. మూడు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. అందులో ‘కోపార్సెనర్’ అనే మాట ఆరుసార్లు ఉంది. ఫోన్లో అర్థం వెతికితే మరో నాలుగు అర్థం కాని మాటలు వచ్చాయి. ఇద్దరు లాయర్లని కలిశాం. ఒకాయన కష్టమన్నారు, ఇంకొకాయన చూద్దామన్నారు. ఎందుకు కష్టమో, ఏం చూస్తారో ఇద్దరూ చెప్పలేదు. ఆ రాత్రే లాసెట్‌కి అప్లై చేశాను. కోపంతో చేసిన పని అనుకోండి.

ఇప్పుడు నా సందేహం. విశాఖలో యూనివర్సిటీ లా కాలేజీలో సీటు రావచ్చు అంటున్నారు. రోజూ పోవాలి, రావాలి. ఇంకోవైపు ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. ‘మేడమ్, మీరు పరీక్షలకి వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం’ అంటాడు. కొట్టు పని మానలేను. పాప ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. ఈ వయసులో ఇది అయ్యే పనేనా? ఏ సీటు తీసుకోవాలి? నిజం చెప్పండి, నొచ్చుకోను.

నల్లకోటు జవాబు:

నిజమే అడిగారు కాబట్టి చెప్తున్నాను మేడమ్. నాకు పందొమ్మిదేళ్ల ప్రాక్టీసు. మా బార్ అసోసియేషన్ హాల్లో కుర్చీ దొరకాలంటే పదింటికల్లా వెళ్లి రుమాలు వేసుకోవాలి. కొత్తగా వచ్చిన పిల్లలు రెండు మూడేళ్లు సీనియర్ల ఫైళ్లు మోసి, వాయిదాలు రాసుకుని, పాస్ ఓవర్ (కేసు కాసేపాగి పిలవమని) అడిగి, సాయంత్రానికి బస్ చార్జీ తీసుకుని ఇంటికి పోతున్నారు. మీకు నెల జీతం వస్తోంది, దాన్ని వదులుకోకండి. పొలం కేసు కోసమైతే మంచి సివిల్ లాయర్ని పెట్టుకోండి. లివర్‌కి జబ్బు చేసిందని ఎంబీబీఎస్‌లో చేరతామా?

గాజువాక కుట్టుమిషన్ జవాబు:

పై పెద్దాయన చెప్పిన బస్ చార్జీ సంగతి అక్షరాలా నిజం. మిగతాది ఒప్పుకోను.

చెల్లీ, ముందు నా సంగతి వినండి. గాజువాకలో పదకొండేళ్లు టైలరింగ్ షాపు నడిపాను. బ్లౌజులు, ఫాల్స్, పండగలకి లంగా ఓణీలు. 2019లో, నలభై ఒకటో ఏట, ఎల్ఎల్‌బీలో చేరాను. ఇప్పుడు విశాఖ జిల్లా కోర్టులో ఒక సివిల్ సీనియర్ గారి దగ్గర జూనియర్ని. మిషన్ మాత్రం అమ్మలేదు. మొదటి రెండేళ్లు నన్ను పోషించింది అదే.

వయసు గురించి ఇక ఎవర్నీ అడక్కండి. లాసెట్‌కి గరిష్ఠ వయసు అంటూ ఏమీ లేదు. మా క్లాసులో రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉండేవారు, ముందు బెంచీలో కూర్చుని రోజూ లెక్చరర్‌ని ఇరకాటంలో పెట్టేవారు. డిగ్రీలో జనరల్ వాళ్లకి 45, బీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 శాతం ఉంటే చాలు. మీకు 58 ఉంది.

ఇక ఆ ఫోన్లు చేసే ఆయన. నేనూ 2018లో అలాంటి చోటే పదివేలు అడ్వాన్సు కట్టాను. కాలేజీ పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. రసీదు అడిగితే ‘ఎందుకమ్మా, మనవాళ్లే కదా’ అన్నాడు. పుస్తకాలు ఏం కొనాలి అంటే ‘పుస్తకాలెందుకు, పరీక్ష ముందు గైడు మేమిస్తాం’ అన్నాడు. కొలత తీసుకోకుండా బ్లౌజు కుట్టిస్తానన్న టైలర్ని నేనైతే నమ్మను. ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించి వద్దనుకున్నాను. ఆ పదివేలు ఈ రోజుకీ రాలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, రూల్ ఏమిటో చూడండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయ విద్య రూల్స్‌లో 12వది ఇది: ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. మరీ తప్పనిసరి కారణం ఉంటే ఆ సబ్జెక్టులో 65 దాకా ప్రిన్సిపాల్ వదిలేయొచ్చు, కానీ అన్నీ కలిపి 70 ఉండాల్సిందే. మూట్ కోర్టు (ఉత్తుత్తి కేసు వాదించే అభ్యాసం), ట్యుటోరియల్స్, ప్రాక్టికల్ ట్రైనింగ్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 2024 సెప్టెంబర్లో కౌన్సిల్ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. బయోమెట్రిక్ హాజరు పెట్టమంది, క్లాసుల్లో సీసీ కెమెరాలు పెట్టమంది. చదువుకుంటూ ఉద్యోగం చేసేవాళ్లు ఆ సంగతి రాసివ్వాలి, యజమాని నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి అంది. మీరు రేపు నల్లకోటు వేసుకుని ఎదుటివాడి దొంగ రసీదుని నిలదీయాలనుకుంటున్నారు. మీ హాజరు పట్టీయే దొంగదైతే ఎలా?

దూరవిద్యలో లా డిగ్రీ లేదు, అది కూడా గుర్తుంచుకోండి. అలాంటిది ఉందని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

అనకాపల్లి నుంచి రావడం కష్టమే, కాదనను. కానీ బస్సెక్కితే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగుతారు, అక్కడి నుంచి యూనివర్సిటీ దగ్గరే. నేను గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో కూర్చున్న టైములోనే బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం ఒక్కటే ఉన్న పుస్తకాలు) చదివాను. కాంట్రాక్ట్ యాక్ట్ సగం ఆ జంక్షన్లోనే పూర్తయింది. మీ కొట్టు యజమానితో మాట్లాడి చూడండి. పొద్దున్న వేలం పాటల టైములో మీరు అక్కడ ఉండాలా, సాయంత్రం వచ్చి పద్దులు రాస్తే సరిపోతుందా? నేను షాపు తెరిచే టైము పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం నాలుగున్నరకి మార్చాను. మూడో వంతు ఖాతాదారులు పోయారు. ఉన్నవాళ్లు చాలా మంచివాళ్లని అప్పుడే తెలిసింది.

ఇంగ్లీషు గురించి మీ భయం నాకు బాగా తెలుసు. నిజానికి ఇబ్బంది ఇంగ్లీషుతో కాదు, కోర్టు ఇంగ్లీషుతో. అది ఇంగ్లీషు మీడియం పిల్లలకీ రాదు. ‘సూట్’ అంటే నాకు కోటూ ప్యాంటూ. మొదటి వారం లెక్చరర్ ‘సూట్ ఫర్ పార్టిషన్’ అన్నప్పుడు పక్కమ్మాయిని ‘ఎవరి సూటు?’ అని అడిగాను. సూట్ అంటే దావా అని అప్పుడు తెలిసింది. ‘ఎగ్జిక్యూషన్’ అంటే ఉరిశిక్ష అనుకున్నాను. సివిల్ కోర్టులో అది డిక్రీని, అంటే కోర్టు తేల్చి ఇచ్చిన ఉత్తర్వుని, అమలు చేయించుకోవడం. ‘కన్సిడరేషన్’ అంటే డిక్షనరీలో పరిగణన. కాంట్రాక్ట్ చట్టంలో ప్రతిఫలం. నేను రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టి, మాట ఒక వరసలో, మామూలు అర్థం రెండో వరసలో, కోర్టు అర్థం మూడో వరసలో రాసుకున్నాను. మూడేళ్లలో నాలుగు వందల పైచిలుకు మాటలు. ఆ పుస్తకం ఇప్పుడు మా జూనియర్ల చేతుల్లో తిరుగుతోంది, అట్ట ఊడిపోయింది.

నిజంగా చదువంటే ఏమిటో నాకు అర్థమైంది మాత్రం 2020 మేలో. ఆ నెల 7న తెల్లారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు. అప్పటికి కోవిడ్ వల్ల మా క్లాసులు ఫోన్లో జరుగుతున్నాయి. మాకు టార్ట్స్ పేపరు ఉంది, ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఎవరు కట్టాలన్న సబ్జెక్టు. అంతకుముందు వారమే సార్ 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ చెప్పారు. ఇంగ్లండ్లో ఒకడు రిజర్వాయరు కట్టుకుంటే నీళ్లు పక్కవాడి గనిలోకి పోయాయి, తప్పు చేయకపోయినా బాధ్యత వాడిదే అన్న కేసు. నేను గైడు చూసి కంఠతా పట్టేశాను. గ్యాస్ లీకైన మర్నాడు సార్ పాఠం ఆపేసి అడిగారు: ‘ఇక్కడ కంపెనీ, ఇది మా తప్పు కాదు, ఎవరో బయటివాడు చేశాడు అంటే ఏం చెప్తారు?’ ఎవరూ మాట్లాడలేదు. రైలాండ్స్ రూల్‌కి మినహాయింపులున్నాయి. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో, ఎం.సి. మెహతా వేసిన దాంట్లో, సుప్రీంకోర్టు ఆ మినహాయింపులే తీసేసింది. ప్రమాదకరమైన పరిశ్రమ పెట్టి లాభం తీసుకునేవాడు ఏ సాకూ చెప్పకుండా నష్టం కట్టాలి అంది. ఆ రోజు నేను గైడు పక్కన పెట్టేశాను. మా పిన్ని కూతురు ఆ ఊరి నుంచే పరుగెత్తుకొచ్చి మా ఇంట్లో ఉంది. ఆ పిల్ల దగ్గుతూనే ఉంది, ఫోన్లో పాఠం నడుస్తూనే ఉంది.

సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు కూడా మన దగ్గరిదే. బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూముల్లో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. అరకు రైల్లో ఎన్నిసార్లు వెళ్లామో మనం! కిటికీలోంచి కనిపించే కొండ మీద అంత కేసు నడిచిందని నాకు తెలియదు. రోజూ క్లాసుకి వెళ్తే ఇలాంటివి దొరుకుతాయి. గైడులో దొరకవు.

ఇంకో మాట. మూడేళ్లలో కనీసం పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆఖర్లో ఒక పేపరులో మూట్ కోర్టుకి 30, రెండు కేసుల విచారణ చూసి రాసే డైరీకి 30, క్లయింటుతో మాట్లాడే పద్ధతికి 30, వైవాకి 10 మార్కులు. చాలామంది డైరీ ఒకరి దగ్గర్నించి ఒకరు కాపీ కొడతారు. మీరు మాత్రం వెళ్లి చూడండి. నేను చూసిన మొదటి క్రాస్ ఎగ్జామినేషన్లో ఒక ముసలాయన సాక్షి. గోడ తగాదా. డిఫెన్సు లాయరు గంటసేపు కోర్టు మర్యాదలతో తిప్పి తిప్పి చివరికి ఒక్కటి అడిగాడు: ‘తాతా, ఆ రోజు నీ కళ్లజోడు ఎక్కడుంది?’ తాత ‘రిపేరుకిచ్చాను బాబూ’ అన్నాడు. అంతే, కేసు పక్కకి ఒరిగిపోయింది. నా డైరీలో ఆ పేజీకి మేడమ్ ఎర్ర ఇంకుతో ‘బాగుంది’ అని రాశారు.

మూట్ కోర్టు వారం ముందు క్లాసు మొత్తానికి లాయర్లు మెడకి కట్టుకునే తెల్ల బ్యాండ్లు నేనే కుట్టాను. బజారువి మెడకి గుచ్చుకుంటాయి. ఆ డబ్బులతో సెమిస్టర్ ఫీజు సగం వచ్చింది.

చేరండి. క్యాంపస్‌లోనే చేరండి.

అనకాపల్లి బెల్లం:

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ‘ఎవరి సూటు’ దగ్గర మా ఆయనకి కూడా చదివి వినిపించాను. మా యజమాని గారిని అడిగాను. బెల్లం సీజన్లో, డిసెంబర్ నుంచి మార్చి దాకా, పొద్దున్న ఉండాల్సిందే అన్నారు. మిగతా నెలలు సాయంత్రం వస్తే చాలట. ఆ నాలుగు నెలలే టెన్షన్‌గా ఉంది. చదువయ్యాక కొట్టు పని చేసుకుంటూనే ప్రాక్టీసు చేసుకోవచ్చా?

సచివాలయం మెట్లు జవాబు:

ఆ చివరి ప్రశ్నకి నేను చెప్తాను. నేను ప్రభుత్వ ఉద్యోగిని, శాఖ అనుమతి తీసుకుని లా పూర్తి చేశాను. కానీ అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అవ్వలేదు. కారణం బార్ కౌన్సిల్ 49వ రూల్. ఎన్‌రోల్ అయ్యాక పూర్తికాల జీతం ఉద్యోగం చేయకూడదు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా. కాబట్టి నల్లకోటు వేసుకున్న రోజున మీ కొట్టు జీతం ఆపాలి. దాచిపెట్టి రెండూ చేసేవాళ్లున్నారు, ఫిర్యాదు వస్తే డిసిప్లినరీ కమిటీ ముందు నిలబడాలి. కనీసం ఒక ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే ఎన్‌రోల్ అవ్వండి. నాకు పెన్షన్ వచ్చేదాకా ఆ ధైర్యం లేదు.

ఒక మంచి వార్త కూడా. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు పేరుతో ఒక్కో రాష్ట్రంలో పదుల వేలు వసూలు చేసేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్న దానికి మించి తీసుకోవద్దని తీర్పిచ్చింది. జనరల్ వాళ్లకి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. స్టాంపు డ్యూటీ వేరు.

లాస్ట్ బెంచ్ లా జవాబు:

అక్కా నేను ఫైనలియర్. పుస్తకాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. సీనియర్లు పాత పుస్తకాలు చీప్‌గా ఇస్తామంటారు, క్రిమినల్ లా పుస్తకాలు మాత్రం తీసుకోకండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్య 302 కాదు, 103. చీటింగ్ 420 కాదు, 318(4). సీఆర్‌పీసీ బదులు నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ బదులు సాక్ష్య అధినియం. ఎక్కడో గొడవైందంటే పెద్దవాళ్లు ఇంకా ‘144 పెట్టారు’ అంటుంటారు కదా, అది ఇప్పుడు 163. కొత్త చట్టంలో 144 భార్యకీ పిల్లలకీ మనోవర్తి ఇచ్చే సెక్షన్. మా ఇంట్లో తాతయ్యకి ఈ ముక్క చెప్తే వారం రోజులు నవ్వారు.

కానీ పాతవి మర్చిపోకూడదు కూడా. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలు ఐపీసీ కిందే నడుస్తున్నాయి. ఇంటర్న్‌షిప్‌లో మా సార్ రెండు నంబర్లూ పక్కపక్కన రాయిస్తారు. సివిల్ వాటికి ఈ గొడవ లేదు. కాంట్రాక్ట్ యాక్ట్ 1872, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ 1882, సీపీసీ 1908, అవే ఉన్నాయి. ఆ పాత పుస్తకాలు హాయిగా కొనుక్కోవచ్చు.

రాయడానికి చెయ్యి ఆగిపోతుందన్నారు. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు అక్కా. కేసులో ఏం జరిగింది, తగువు ఏమిటి, సెక్షన్ ఏం చెప్తోంది, ఇక్కడ అది ఎలా వర్తిస్తుంది. చిన్న చిన్న వాక్యాలు. ‘హి సోల్డ్. షి పెయిడ్. హి డిడ్ నాట్ రిజిస్టర్.’ అలా రాసే నాకు మార్కులు పడ్డాయి. మీరు పద్దులు రాసేవారు కదా, ఒక తేదీ, ఒక అంకె, ఒక పేరు. అలాగే రాయండి.

జడ్జి పరీక్ష ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోండి. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని మళ్లీ పెట్టింది. మా హాస్టల్లో ఆ రోజు ఎవరూ భోజనానికి దిగలేదు. చదువైపోయాక ప్రాక్టీసు చేయడానికి బార్ ఎగ్జామ్ కూడా ఉంది, వంద ప్రశ్నలు, గీతలూ రాతలూ లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లనిస్తారు. 45 వస్తే చాలు. దానికి భయపడక్కర్లేదు.

నల్లకోటు:

సరే, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటాను. అయినా ఆ మావయ్యల నోటీసులో ఏం రాశారో అడగలేదు మనం ఎవ్వరం.

అనకాపల్లి బెల్లం:

ఉన్నది ఉన్నట్టు చెప్తాను సార్. ఒకటి, అమ్మ పెళ్లి 1983లో అయింది, 1985కి ముందే అయిపోయింది కాబట్టి పూర్వీకుల ఆస్తిలో హక్కు లేదు. రెండు, 2002లోనే అన్నదమ్ములిద్దరూ నోటిమాటగా పంచేసుకున్నారు, అది అయిపోయిన సంగతి. 2003లో రెవెన్యూ రికార్డుల్లో పేర్లు కూడా మారాయి. ఇంతే. తాతగారు వీలునామా ఏమీ రాయలేదు.

గాజువాక కుట్టుమిషన్:

చెల్లీ, మీ వకీలు గారి పని నేను చేయను. కాగితాలు చూడకుండా చెప్పేది సలహా కాదు, కబుర్లు. కానీ ఇదంతా మీరు చదవబోయే ఫ్యామిలీ లా పాఠమే, ఇప్పుడే మొదలుపెట్టండి.

వాళ్లు 1985 అని ఎందుకన్నారంటే, మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది (అలా హక్కున్నవాళ్లే కోపార్సెనర్లు), ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. దేశం కన్నా మనం ఇరవై ఏళ్లు ముందు. కానీ ఆ తేదీకి పెళ్లయిపోయిన కూతుళ్లని వదిలేసింది. ఆ నోటీసు రాసిన లాయరు అక్కడే ఆగిపోయాడు. 2005 సెప్టెంబర్ 9న కేంద్రం చేసిన సవరణలో పెళ్లయిందా కాలేదా అన్న తేడా లేదు. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదంది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి.

నోటిమాట పంపకం సంగతీ అదే తీర్పులో ఉంది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టర్ అయిన పంపకాలనీ, కోర్టు డిక్రీతో అయినవాటినీ కదపరు. నోటిమాటగా అయిందంటే మాత్రం కోర్టు తేలిగ్గా నమ్మదు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం అడుగుతుంది. 2003లో పేర్లు మారాయన్నారు చూడండి, వాళ్లు పట్టుకునేది దాన్నే. కాబట్టి అప్పటి అడంగల్, 1బీ (పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) నకళ్లు తీయించండి. పేర్లు ఎవరి దరఖాస్తు మీద మారాయి, అమ్మకి నోటీసు ఇచ్చారా, అమ్మ ఎక్కడైనా వేలిముద్రో సంతకమో పెట్టిందా? ముఖ్యంగా అది చూడండి.

అయితే వీటన్నిటికన్నా ముందు ప్రశ్న ఒకటుంది, ఆ ఇద్దరు లాయర్లూ అడిగారో లేదో. ఆ పొలం తాతగారికి ఎలా వచ్చింది? ఆయన తండ్రి నుంచి వచ్చిందా, ఆయన సొంతంగా కొన్నారా? సొంతంగా కొన్నదైతే ఈ కోపార్సెనర్ గొడవే లేదు. హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం వీలునామా లేకుండా పోయినవాడి ఆస్తి కొడుకులకీ కూతుళ్లకీ, బతికుంటే భార్యకీ, తల్లికీ సమానం. పెళ్లి 1983లో అయినా 1963లో అయినా ఒకటే. ఒకవేళ పూర్వీకులదే అయినా, పాత 6వ సెక్షన్లో కూడా కూతురు ఉంటే తాతగారి సొంత వాటా లెక్కగట్టి అందులో కూతురికి ఇవ్వాలి. కాబట్టి ‘అసలేమీ రాదు’ అన్నమాట ఎలా చూసినా నిలబడేలా లేదు. ఎంత వస్తుందన్నదే తగువు.

ఆలస్యం మాత్రం చేయకండి. ఉమ్మడి ఆస్తి నుంచి నిన్ను తప్పించాం అని తెలిసినప్పటి నుంచి పన్నెండేళ్ల లెక్క ఒకటుంది. అమ్మకి ఎప్పుడు తెలిసింది, సంక్రాంతికేనా, ముందే ఎవరైనా అన్నారా? అమ్మని నెమ్మదిగా అడగండి. మీకు కావలసిన జవాబు ఆమె నోట్లో పెట్టకండి, రేపు బోనెక్కాల్సింది ఆమె.

అనకాపల్లి బెల్లం:

అక్కా, నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. ఆదివారం అమ్మని తీసుకుని చోడవరం వెళ్లాం. మావయ్యల ఇంటికి కాదు, అమ్మమ్మ చెల్లెలి ఇంటికి. తాతగారి ట్రంకుపెట్టె ఆమె దగ్గర అటక మీద ఉందని అమ్మకి గుర్తొచ్చింది. తాళం లేదు, మా ఆయన సుత్తితో కొట్టారు. పాత రసీదులు, షుగర్ ఫ్యాక్టరీ చెరకు తూకం చీట్లు, ఒక జాతకం. అడుగున స్టాంపు కాగితాలు నాలుగు, చెదలు అంచులు మాత్రమే తిన్నాయి. 1961లో తాతగారి పేరున రిజిస్టరైన కొనుగోలు దస్తావేజు. ఒక ఎకరం పది సెంట్లు. మిగతా ఎకరం నలభై సెంట్లకి కాగితం ఏమీ దొరకలేదు. అది ముత్తాత నుంచి వచ్చిందేమో అంటుంది అమ్మ, ఖాయంగా చెప్పలేకపోతోంది.

‘చూద్దాం’ అన్న లాయరు గారికి ఆ దస్తావేజు చూపించాను. ఈసారి ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి, ఈసీకి (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) అప్లై చేయమన్నారు. మీరడిగిన ప్రశ్నే నేను ఆయన్ని అడిగితే, ‘ఎక్కడ చదువుతున్నావమ్మా?’ అన్నారు. ఇంకా చేరలేదు సార్ అన్నాను.

ఆ ప్రైవేటు కాలేజీ నంబరు బ్లాక్ చేశాను. వెబ్ ఆప్షన్లలో క్యాంపస్ ఒక్కటే పెట్టాను, రెండోది పెట్టలేదు. మా ఆయన తిట్టారు, సీటు రాకపోతే ఏడాది పోతుంది కదా అని. ఆయన అన్నదీ నిజమే. ఇప్పుడు పదకొండున్నరైంది, ఆప్షన్లు మార్చుకోవడానికి రేపు సాయంత్రం దాకా టైముంది. రెండు వందల పేజీల నోటుబుక్కు మాత్రం కొన్నాను. మొదటి వరసలో మొదటి మాట కోపార్సెనర్ రాశాను. మూడో వరస ఖాళీగా ఉంది అక్కా, దానికి తెలుగులో ఏమంటారు?

గాజువాక కుట్టుమిషన్:

సహదాయాది అంటారు. కానీ కోర్టులో ఆ మాట ఎవరూ వాడరు, అందరూ కోపార్సెనర్ అనే అంటారు. రెండూ రాసుకోండి. ఆప్షన్లలో రెండోది కూడా పెట్టండి, కానీ ఆ ఫోన్ల కాలేజీ కాదు, సరిగ్గా క్లాసులు జరిగేది ఇంకోటి. మీ ఆయన చెప్పింది నిజం. బ్యాండుకి మెడ కొలత పంపించండి.